బొగ్గు తీసేశాక మిగిలే గొయ్యి ఎవరి బాధ్యత?

హైదరాబాద్‌లో ఏసీ వేసినా, విజయవాడలో ఫోన్ ఛార్జింగ్ పెట్టినా ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది. దేశంలో తయారయ్యే విద్యుత్తులో బొగ్గు వాటా ఇప్పటికీ 70 శాతం పైమాటే. 2024-25లో దేశ బొగ్గు ఉత్పత్తి తొలిసారి 100 కోట్ల టన్నులు దాటి, 104.7 కోట్ల టన్నులకు చేరింది. ఇందులో కోల్ ఇండియాది 78 కోట్ల టన్నులు, మన సింగరేణిది సుమారు 6.9 కోట్ల టన్నులు.

ఏటా ఏప్రిల్ మొదటి వారంలో ఈ ఉత్పత్తి లెక్కలు పెద్ద అక్షరాల్లో వస్తాయి. బొగ్గు తీసిన చోట భూమిని ఎంత మేరకు తిరిగి సరిచేశారన్న లెక్క మాత్రం వాటి పక్కన కనిపించదు. చట్టం ప్రకారం అలాంటి లెక్క కూడా ఉంది. అందుకు ముందే డబ్బు కట్టించుకుంటారు. గని తెరవకముందే కంపెనీ చేత హామీలు రాయించుకుంటారు. ఆ హామీలేమిటి, ఎవరు చూస్తారు, మామూలు మనిషి వాటిని ఎక్కడ చదవొచ్చు అన్నదే ఈ కథనం.

టన్ను బొగ్గుకు ఎంత మట్టి?

ఒకప్పుడు బొగ్గుబాయి అంటే భూమి లోపలికి దిగి తవ్వే గని. ఇప్పుడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్‌ల నుంచి వస్తోంది. పైనున్న మట్టిని, రాయిని పూర్తిగా తొలగించి బొగ్గు పొరను బయటపెట్టే పద్ధతి ఇది. సింగరేణిలో టన్ను బొగ్గు బయటికి రావాలంటే సగటున ఆరు ఘనపు మీటర్ల వరకు మట్టి, రాయి తీయాల్సి వస్తోంది. దీన్నే ఓవర్‌బర్డెన్ లేదా ఓబీ అంటారు. గోదావరిఖని, మణుగూరు, భూపాలపల్లి పరిసరాల్లో కనిపించే కొన్ని గుట్టలు ప్రకృతి పెట్టినవి కావు, టిప్పర్లు పోసినవి.

ఓపెన్‌కాస్ట్‌లతో ఊళ్లు బొందలగడ్డలైపోతున్నాయన్న మాట తెలంగాణ ఉద్యమ సభల్లో గట్టిగానే వినిపించింది. రాష్ట్రం వచ్చాక కూడా ఓపెన్‌కాస్ట్‌ల జోరు తగ్గలేదు. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గని యజమాని ప్రభుత్వమే, అనుమతి ఇచ్చేదీ తనిఖీ చేసేదీ ప్రభుత్వమే. ఈ రంగంలో ఏ హామీ గురించి చదివినా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

హామీలు రాసి ఉండే కాగితం

గని తెరవాలన్నా, విస్తరించాలన్నా కేంద్ర పర్యావరణ శాఖ వ్యవస్థ నుంచి పర్యావరణ అనుమతి కావాలి. 2006 సెప్టెంబరు నాటి ఈఐఏ నోటిఫికేషన్ దీనికి ఆధారం. అనుమతికి ముందు కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహించాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభ మొత్తాన్ని వీడియో తీయాలి. ఇంతమంది రావాలన్న కోరం లేదు. ఊళ్లో అందరూ వద్దన్నా ప్రాజెక్టు ఆగిపోతుందన్న హామీ కూడా లేదు. చెప్పిన ప్రతి అభ్యంతరాన్ని నమోదు చేసి, కంపెనీ చేత జవాబు ఇప్పించడమే దాని పని. ఇప్పటికే నడుస్తున్న బొగ్గు గనులు ఉత్పత్తి పెంచుకునే సందర్భంలో, కొన్ని షరతులకు లోబడి, ఈ సభ నుంచి మినహాయింపు ఇచ్చే పరిమితిని 2022లో 50 శాతానికి పెంచారు. అంటే గని పెద్దదయ్యే ప్రతిసారీ ఊరి మాట అడగాల్సిన అవసరం లేదు.

అనుమతి వచ్చాక చేతికొచ్చే ఉత్తర్వును చాలామంది ఒక్కసారి కూడా చూసి ఉండరు. చూడదగ్గ కాగితం అది. పైన తీసిన సారవంతమైన మట్టిని విడిగా నిల్వ చేసి, తర్వాత నేల సరిచేసేటప్పుడు వాడాలి. ఓబీ గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలు మించకూడదు. వాన నీరు గుట్ట మీది మట్టిని పొలాల్లోకి ఈడ్చుకుపోకుండా చుట్టూ కాలువలు, అడుగున గోడ కట్టాలి. చుట్టుపక్కల భూగర్భ జలాల మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలవాలి. బొగ్గు గనుల అనుమతుల్లో మామూలుగా కనిపించే షరతులు ఇవి.

వీటన్నిటిలో ముఖ్యమైన షరతు ఒకటుంది. తవ్వకం పూర్తయ్యాక మిగిలే చివరి గొయ్యి లోతు ఆమోదించిన ప్రణాళికకు లోబడి ఉండాలి. అది 40 మీటర్లు దాటితే అందులో జలచరాలు బతికేలా తగిన ఇంజినీరింగ్ ఏర్పాట్లు చేయాలి. మిగతా ప్రాంతాన్ని పూడ్చి, పైన సారవంతమైన మట్టి పరచాలి. 40 మీటర్లంటే పన్నెండు, పదమూడు అంతస్తుల అపార్ట్‌మెంటు ఎత్తు. అంత లోతు గొయ్యిని శాశ్వతంగా వదిలేయడం నిబంధనలకు విరుద్ధం కాదన్నమాట. ఓపెన్‌కాస్ట్ పూర్తయ్యాక భూమి మళ్లీ పొలం అవుతుందని ఎవరైనా చెబితే ముందు ఈ షరతు చూపించాలి. కొంత భాగం కావచ్చు, చివరి గొయ్యి మాత్రం కాదు.

2020 జనవరిలో సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో ఇంకో బాధ్యత చేర్చింది. తవ్వకం ఆపిన తర్వాత లీజుదారు ఆ నేలపై మళ్లీ గడ్డి పెంచాలి, పశుగ్రాసానికి, మొక్కలకు, జీవజాలానికి పనికొచ్చేలా భూమిని సరిచేయాలి. దీన్ని అనుమతుల్లో షరతుగా చేర్చాలని ఆదేశించడంతో పర్యావరణ శాఖ అదే నెలలో ఉత్తర్వులు ఇచ్చింది.

డబ్బు ముందే ఎందుకు కట్టించుకుంటారు?

జవాబు ఝార్ఖండ్‌లో ఉంది. ధన్‌బాద్ జిల్లా ఝరియాలో భూగర్భంలోని బొగ్గు పొరకు నిప్పు అంటుకున్నట్లు తొలిసారి 1916లో నమోదైంది. వందేళ్లు దాటినా అక్కడ మంటలు పూర్తిగా ఆరలేదు. జాతీయీకరణకు ముందు ప్రైవేటు యజమానులు అందిన బొగ్గు తీసుకుని, ఖాళీలు పూడ్చకుండా వెళ్లిపోయారు. 1970ల తొలినాళ్లలో గనులు ప్రభుత్వానికి వచ్చాయి, వాటితోపాటే ఆ మంటలూ వచ్చాయి. ఝరియా, రాణిగంజ్ బొగ్గు క్షేత్రాల కోసం 2009 ఆగస్టులో కేంద్రం రూ.7,112 కోట్ల మాస్టర్ ప్లాన్ ఆమోదించింది. పని పూర్తికాలేదు. 2025 జూన్‌లో ఝరియాకు మళ్లీ రూ.5,940 కోట్లతో సవరించిన ప్రణాళిక ఇచ్చారు. లాభం తీసుకున్నవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఖర్చు మాత్రం పన్ను కట్టేవాళ్లది.

సరిగ్గా అదే నెలలో, అంటే 2009 ఆగస్టులో, బొగ్గు శాఖ గనుల మూసివేత మార్గదర్శకాలు తెచ్చింది. 2013లో, 2020లో, మళ్లీ 2025లో వాటిని సవరించారు. మూల సూత్రం ఒక్కటే. గని తెరిచే ముందే మూసివేత ప్రణాళిక ఆమోదం పొందాలి. ఆ ఖర్చును ఏటా కొంత చొప్పున ఎస్క్రో ఖాతాలో వేయాలి. ఖాతా బ్యాంకులో ఉంటుంది. కంపెనీ ఇష్టం వచ్చినప్పుడు తీయలేదు, కోల్ కంట్రోలర్ అనుమతి కావాలి. ఐదేళ్లకోసారి పని పరిశీలించి, జమ అయినదాంట్లో 80 శాతం వరకు విడుదల చేసే వీలు పెట్టారు. మిగతాది తుది మూసివేత తర్వాతే. మన భాషలో చెప్పాలంటే అద్దె ఇంటికి కట్టే అడ్వాన్స్ లాంటిది. ఇల్లు సరిగ్గా అప్పగిస్తేనే వెనక్కి వస్తుంది.

అడ్వాన్స్ ఎంత? 2020 మార్గదర్శకాల ప్రకారం ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు రూ.9 లక్షలు, భూగర్భ గనికి రూ.1.5 లక్షలు. ఇది 2019 ఏప్రిల్ నాటి ధరల లెక్క, టోకు ధరల సూచీ ప్రకారం పెరుగుతుంది. 1,000 హెక్టార్ల ఓపెన్‌కాస్ట్ అయితే రూ.90 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక హెక్టారు విస్తీర్ణంలో 40 మీటర్ల లోతు గొయ్యి పూడ్చాలంటే 4 లక్షల ఘనపు మీటర్ల మట్టి కావాలి. రూ.9 లక్షలను దానితో భాగిస్తే ఘనపు మీటరుకు రెండుంపావు రూపాయలు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్ మట్టికి రూ.22.50. రెండు టీల ఖర్చు!

కంపెనీలు దీనికి చెప్పే జవాబులో న్యాయం ఉంది. తవ్వకం ముందుకు సాగుతున్నకొద్దీ వెనక ఖాళీ అయిన చోట ఓబీని పోస్తూ వెళ్లాలి. ఆ ఖర్చు రోజువారీ ఉత్పత్తి ఖర్చులోనే కలుస్తుంది. ఎస్క్రో సొమ్ము చివర్లో చేసే చదును, కంచె, మొక్కలు, నీటి ఏర్పాట్లు, పర్యవేక్షణ వంటి వాటికే. ఇది నిజమే. అయితే దీని అర్థం ఇంకొకటి కూడా. గని నడుస్తున్న రోజుల్లో వెనక పూడ్చకుండా వదిలేస్తే, చివర్లో ఎస్క్రో డబ్బుతో ఆ పని అయ్యే ప్రసక్తే లేదు. కాబట్టి మూసివేత గురించి గని మూసేటప్పుడు అడిగితే ఆలస్యమే. గని పదో ఏట ఉన్నప్పుడు, పదిహేనో ఏట ఉన్నప్పుడు ప్రణాళికలో రాసినంత పూడ్చారా అని అడగాలి.

ఈ నిబంధనలు ఎంత మేరకు పనిచేశాయో చెప్పే ఉదాహరణ ఒకటుంది. మధ్యప్రదేశ్‌లోని పాథాఖేడా ప్రాంతంలో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌కు చెందిన మూడు భూగర్భ గనులకు తుది మూసివేత ధ్రువపత్రాలు ఇచ్చారు. 2009 మార్గదర్శకాల కింద దేశంలో ఇవే తొలి ధ్రువపత్రాలు. ఇచ్చింది 2025లో. ఈ మధ్యలో బొగ్గు అయిపోయి పని ఆగిన గనులు లేవా అంటే, చాలా ఉన్నాయి. పని ఆగడం వేరు, కాగితం మీద మూసి బాధ్యత తీర్చుకోవడం వేరు.

లక్షల మొక్కలు నాటితే సరిపోదా?

బొగ్గు కంపెనీల పర్యావరణ ప్రకటనల్లో మొదట కనిపించేది మొక్కల సంఖ్య. నాటడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ ఆ సంఖ్య ఒక్కటే చూస్తే మనకేమీ తెలియదు. ఓబీ గుట్ట మీద నీలగిరి, సుబాబుల్ తొందరగా పెరుగుతాయి, మట్టిని కొంత పట్టి ఉంచుతాయి. పోయిన అడవి మాత్రం వాటితో తిరిగి రాదు. అడవి భూమి తీసుకుంటే దానికి బదులు వేరే చోట అడవి పెంచడం, నికర ప్రస్తుత విలువ పేరుతో సొమ్ము కట్టడం 1980 అటవీ సంరక్షణ చట్టం కింద వేరే బాధ్యతలు. ఓబీ గుట్ట మీది మొక్కలను ఆ లెక్కలో కలిపి చూపిస్తే రెండింటినీ కలగాపులగం చేసినట్టే. అడగాల్సినవి వేరే ఉన్నాయి. నాటినవాటిలో మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయి? విడిగా దాచిన పైమట్టి ఎంత, ఎక్కడ వాడారు? పూడ్చిన విస్తీర్ణం ఎంత? కోల్ ఇండియా గనుల్లో ఈ మూడో లెక్కను సీఎంపీడీఐ సంస్థ ఉపగ్రహ చిత్రాలతో తీస్తుంది. ఫొటో అబద్ధం చెప్పదు కాబట్టి మొక్కల లెక్క కంటే అదే నయం.

గోడ బీటలకు కొలత ఉంది

గని మూసేది ఎప్పుడో. పక్కనున్న ఊరికి ఇవాళ్టి సమస్య దుమ్ము, బ్లాస్టింగ్. ఓపెన్‌కాస్ట్ దగ్గరి కాలనీల్లో మధ్యాహ్నం పేలుడుకు కిటికీలు అదరడం, గోడలు బీటలు వారడం పాత ఫిర్యాదు. మా బ్లాస్టింగ్ వల్ల కాదు, పునాది బలహీనమన్న జవాబూ పాతదే.

ఈ వాదనకు కొలత ఉందని చాలామందికి తెలియదు. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్, 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం కంపెనీవి కాని ఇళ్ల దగ్గర నేల కంపించే వేగం పరిమితి దాటకూడదు. కంపనం తరచుదనం 8 హెర్ట్జ్ లోపు ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య ఉంటే 10, ఆపైన ఉంటే 15. మట్టి ఇల్లయినా, ఇటుక ఇల్లయినా ఇదే పరిమితి. పేలుడు జరిగే చోటి నుంచి 500 మీటర్ల వరకు ప్రమాద ప్రాంతం. కంపనాన్ని కొలిచే యంత్రాలు కంపెనీ దగ్గర ఉంటాయి. మా ఇంటి దగ్గర ఫలానా తేదీన కొలిచిన విలువ ఎంత అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. సింగరేణి, కోల్ ఇండియా రెండూ ఆ చట్టం పరిధిలోనివే. ఇంటికి బీటలు వచ్చాయని రాసే అర్జీకంటే తేదీ, సమయం వేసి కొలత అడిగే అర్జీకి జవాబు తప్పించుకోవడం కష్టం.

దుమ్ము విషయంలో పరిస్థితి ఇంత స్పష్టంగా లేదు. బొగ్గు గనులకు 2000లో విడిగా గాలి నాణ్యత ప్రమాణాలు పెట్టారు. నగరాల్లో మనకు వర్తించే ప్రమాణాల కంటే అవి వదులుగా ఉంటాయి. గని గేటు దాటి ఊళ్లోకి వచ్చాక ఏది వర్తిస్తుందన్న దగ్గరే కాలుష్య మండలికీ జనానికీ మాట తేడా వస్తుంది. దుమ్ము బాగా తగ్గాలంటే లారీలు తగ్గాలి. సత్తుపల్లి బొగ్గును కొత్తగూడెం వైపు తెచ్చేందుకు సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గం సింగరేణి భాగస్వామ్యంతో వేశారు. నా దృష్టిలో ఎన్ని నీళ్ల ట్యాంకర్లు రోడ్డు మీద చల్లినా దీనికి సాటిరావు.

ఊరికి రావాల్సిన డబ్బు

కమ్యూనిటీ హాలు, అంబులెన్సు, బడికి బెంచీలు. ఇవి ఎక్కువగా సీఎస్ఆర్ కింద వస్తాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం. దీన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో కంపెనీ నిర్ణయించుకుంటుంది.

గని ప్రాంతానికి హక్కుగా వచ్చే డబ్బు వేరు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులు పెట్టారు. పాత లీజులైతే రాయల్టీపై అదనంగా 30 శాతం, 2015 జనవరి తర్వాత వేలంలో వచ్చినవైతే 10 శాతం ఈ ట్రస్టుకు కట్టాలి. బొగ్గుపై రాయల్టీ విలువలో 14 శాతం. టన్ను ధర రూ.3,000 అనుకుంటే రాయల్టీ రూ.420, పాత లీజులో ట్రస్టు వాటా రూ.126. కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం, ఉపాధి నైపుణ్యాల వంటి ప్రాధాన్య రంగాలకే ఖర్చు చేయాలని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గని నుంచి 15 కిలోమీటర్ల లోపు నేరుగా ప్రభావిత ప్రాంతం, 25 కిలోమీటర్ల వరకు పరోక్ష ప్రభావిత ప్రాంతం. మీ సొంతూరు ఆ పరిధిలో ఉంటే, జిల్లా కేంద్రంలో వేసిన రోడ్డుకు ఈ సొమ్ము వాడారా అని కలెక్టరేట్‌లో అడిగే హక్కు ఉంది.

నగరంలో ఉన్న మనం కూడా కొంత కట్టాం. 2010లో టన్ను బొగ్గుపై రూ.50తో స్వచ్ఛ ఇంధన సెస్సు మొదలైంది. 2016 నాటికి అది రూ.400 అయ్యింది. యూనిట్ కరెంటుకు ఆరేడు వందల గ్రాముల బొగ్గు పడుతుంది కాబట్టి యూనిట్‌కు పాతిక పైసలు పైనే. ఆ డబ్బు పర్యావరణానికి ఖర్చు కావాలన్నది మొదటి ఆలోచన. 2017లో జీఎస్టీ వచ్చాక అదే సెస్సును రాష్ట్రాలకు నష్టపరిహారం ఇచ్చే ఖాతాకు మళ్లించారు. 2025 సెప్టెంబరు 22న సెస్సు తీసేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. పన్ను ఉంది, పర్యావరణం అన్న పేరే పోయింది.

గొయ్యితో ఏం చేయొచ్చు?

చివరి గోతిని వాడుకునే ఆలోచనలు మొదలయ్యాయి. రామగుండం ప్రాంతంలోని మేడపల్లి ఓపెన్‌కాస్ట్ గోతిలో పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం కట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. పగలు సౌర విద్యుత్తు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. మణుగూరు, ఇల్లెందు, రామగుండం ప్రాంతాల్లో కంపెనీ భూముల్లో సౌర ఫలకాలు ఇప్పటికే ఉన్నాయి. పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అని పిలిచే ఇల్లెందులోనే 1889లో సింగరేణి తవ్వకం మొదలైంది. అక్కడ ఇప్పుడు సోలార్ కరెంటు తయారవడం మంచి మార్పే. ఇవి కంపెనీకి కొత్త వ్యాపారాలు కూడా. వీటిని మూసివేత బాధ్యత తీరిపోయినట్టుగా లెక్కలో చూపిస్తే మాత్రం ఒప్పుకోనక్కర్లేదు.

ఎక్కడ చూడాలి, ఎవరిని అడగాలి?

పర్యావరణ అనుమతి ఉత్తర్వులు కేంద్రం నిర్వహించే పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి. గని పేరు, జిల్లా ఇచ్చి వెతకొచ్చు. షరతులు ఎంతవరకు పాటించారో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న కంపెనీ నివేదిక ఇవ్వాలి, తన వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి, చివరి గొయ్యి, పైమట్టి అన్న అంశాల దగ్గర ఏం రాశారో చూడండి. "పాటిస్తున్నాం" అన్న ఒక్క మాటే ఉండి అంకెలు లేకపోతే సమాచార హక్కు దరఖాస్తుకు మీ ప్రశ్న దొరికినట్టే. ఎస్క్రో ఖాతాలో ఎంత జమైంది, ఎంత తీశారు అన్నది కోల్ కంట్రోలర్‌ను అడగాలి.

దుమ్ము, మురుగునీటి ఫిర్యాదులు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, బ్లాస్టింగ్ ఫిర్యాదులు డీజీఎంఎస్‌కు, అనుమతి షరతుల ఉల్లంఘన హైదరాబాద్‌లోని కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి పంపాలి. అక్కడా పని జరగకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి వింటుంది. ఇక్కడ గడువులు చాలా కచ్చితం. పర్యావరణ అనుమతినే సవాలు చేయాలంటే ఉత్తర్వు తెలిసిన 30 రోజుల్లో వెళ్లాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఇతర పర్యావరణ వివాదాలకు ఆరు నెలలు. నష్టపరిహారం లేదా భూమిని సరిచేయించే ఆదేశం కోరితే ఐదేళ్లు. అనుమతి వచ్చిన ఏడు రోజుల్లో రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటి తెలుగులో, ప్రకటన ఇవ్వాలన్న నిబంధన ఉంది. గని పక్కన మీ భూమో, మీవాళ్ల ఇల్లో ఉంటే ఆ ప్రకటన వచ్చిన పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. గడువు లెక్కలో ఆ తేదీ కీలకమవుతుంది.